"సేఫ్ గేమ్ ఆడ్తాండావు అబ్బీ": రియాలిటీ షో మాట తరగతి గదిలోకి ఎలా వచ్చింది?

క్లుప్తంగా

రియాలిటీ షోల మీద చర్చ ఎక్కువగా బూతులు, బట్టలు, ప్రేమల దగ్గరే ఆగిపోతుంది. టీనేజ్ పిల్లల విషయంలో అంతకంటే లోతుగా పనిచేసేది ఇంకొకటి ఉంది. ఎవరో కత్తిరించి చూపించిన కొద్ది నిమిషాలతో ఒక మనిషి ఎలాంటివాడో తేల్చేసే అలవాటు అది. ఆ అలవాటు ఎలా తయారవుతోంది, కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల్లో పిల్లల దాకా ఏ దారిన వస్తోంది, పరిశోధనలు ఎంతవరకు రుజువు చేశాయి అన్నవి ఈ వ్యాసంలోని అంశాలు.

అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గరో, కడప ఏడు రోడ్ల కూడలిలోనో ట్యూషన్ వదిలాక పిల్లల మాటలు కాసేపు వింటే కొన్ని పదాలు మళ్లీ మళ్లీ చెవిన పడతాయి. "వాడు ఫేక్ రా." "కంటెంట్ కోసం చేస్తాండాడు." "ఈ వారం నిన్నే నామినేట్ చేస్తా." "సేఫ్ గేమ్ ఆడ్తాండావు అబ్బీ." ఇవన్నీ 'బిగ్ బాస్' నుంచి వచ్చిన మాటలు. కొందరిని నెలల పాటు ఒకే ఇంట్లో ఉంచి, వాళ్లలో వాళ్లే నామినేట్ చేసుకున్నవారిలోంచి ప్రేక్షకుల ఓట్లతో వారం వారం ఒకరిని బయటికి పంపే షో అది. పదేళ్ల కిందట ఈ మాటలను ఈ అర్థంలో వాడినవాళ్లు ఉండరు. సినిమా డైలాగులు పిల్లల నోట నానడం కొత్త కాదు. కానీ సినిమా డైలాగుతో హీరోలా కనిపించాలనుకుంటారు. ఈ మాటలతో పక్కవాడిని తూకం వేస్తున్నారు.

పెద్దల ఫిర్యాదు తెలిసిందే: రాత్రిపూట ఆ కొట్లాటలు చూసి పిల్లలు చెడిపోతున్నారు. పిల్లల జవాబూ తెలిసిందే: అంతా స్క్రిప్టెడ్ అని మాకు తెలీదా, ఊరికే టైంపాస్. రెండింటిలోనూ సగం నిజం ఉంది. కొట్లాట చూసినంత మాత్రాన కొట్లాడేవాళ్లు అయిపోరు. అలాగని స్క్రిప్టెడ్ అని తెలిసినంత మాత్రాన చూసింది మనసుకు పట్టకుండా పోదు.

జియో, రీల్స్, నాలుగో సీజన్

ఆ షో మూలం నెదర్లాండ్స్‌ది. 1999లో టీవీ నిర్మాత జాన్ డి మోల్ అక్కడ 'బిగ్ బ్రదర్' మొదలుపెట్టాడు. మన దేశంలో అది 'బిగ్ బాస్' పేరుతో 2006లో హిందీలో, 2017 జూలైలో తెలుగులో వచ్చింది. తెలుగులో మొదటి సీజన్‌ను జూనియర్ ఎన్టీఆర్, రెండోదాన్ని నాని, 2019 నుంచి నాగార్జున నడిపించారు.

అంతకుముందూ పోటీ కార్యక్రమాలు ఉన్నాయి. ఈటీవీలో 'పాడుతా తీయగా' 1996లోనే మొదలైంది. 'ఢీ' 2009లో వచ్చింది. వాటికీ దీనికీ తేడా ఏమిటంటే, అక్కడ మార్కులు పాటకు, అడుగుకు. ఇక్కడ మార్కులు మనిషికి.

తెలుగు పిల్లల దగ్గరికి ఇది ఇంత తొందరగా చేరడంలో షో గొప్పతనం కంటే కాలం కలిసిరావడమే ఎక్కువ. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చి డేటా చవకైంది. పది నెలలకు తెలుగు బిగ్ బాస్ వచ్చింది. 2020 జూన్ చివర టిక్‌టాక్‌ను నిషేధించారు. వెంటనే జూలైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ మన దేశంలో మొదలైంది. అప్పటికి బడులు మూతపడి ఉన్నాయి. ఆన్‌లైన్ క్లాసుల కోసమని అప్పటిదాకా "పది పాసైతే కొనిస్తాం" అన్న ఇళ్లలో కూడా పిల్లల చేతికి ఫోన్ వచ్చింది. సరిగ్గా ఆ సెప్టెంబర్‌లోనే నాలుగో సీజన్ మొదలై డిసెంబర్ దాకా నడిచింది. చేతిలో ఫోన్, ఫోన్‌లో రీల్స్, రీల్స్‌లో బిగ్ బాస్. ఈ మూడూ ఒకే నెలలో కలిశాయి.

ఇంకో సంగతి పెద్దగా ఎవరూ లెక్కలోకి తీసుకోరు. 2020 నుంచి 2024 దాకా ప్రతి ప్రధాన సీజన్ సెప్టెంబర్ మొదట్లో మొదలై డిసెంబర్ మూడో వారం లోపు ముగిసింది. అంటే దసరా సెలవులకు ముందు నుంచి అర్ధసంవత్సర పరీక్షల దాకా. మామూలు రోజుల్లో ఎపిసోడ్ తొమ్మిదిన్నర, పది గంటల ప్రాంతంలో మొదలై గంట సేపు సాగుతుంది. 13 నుంచి 18 ఏళ్లవారికి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెబుతారు. పైగా ఈ వయసులో నిద్రను తెచ్చే మెలటోనిన్ పెద్దవాళ్లలో కంటే ఆలస్యంగా విడుదలవుతుంది, కాబట్టి ఎలాగూ తొందరగా నిద్ర పట్టదు. ఎపిసోడ్ అయ్యాక దాని మీద మీమ్స్ చూసి పడుకుని, పొద్దున ఐదున్నరకు స్టడీ అవర్‌కు లేచే పిల్లవాడికి నిద్ర ఎంత మిగులుతుందో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. విలువల సంగతి తర్వాత, ముందు పోయేది నిద్ర.

1440 నిమిషాల్లో 50

రోజుకు 1440 నిమిషాలు. ప్రకటనలు తీసేస్తే ఎపిసోడ్ 50 నిమిషాలు అనుకుందాం. అంటే రోజులో వందకు మూడున్నర వంతు. ఆ 50 నిమిషాలను పది పదిహేను మంది పంచుకోవాలి. ఒక్కో మనిషి వాటాకు నాలుగైదు నిమిషాలు వస్తే గొప్ప. అదీ సమానంగా రాదు. గొడవ పడిన ఇద్దరికీ చెరి పది నిమిషాలు, వంటింట్లో పప్పు తాలింపు పెట్టినవాడికి పది సెకన్లు.

ఈ కత్తిరింపులో మోసం ఉండాల్సిన పని కూడా లేదు. ఎవరో ఒకరు ఏది ఉంచాలో ఎంచుకోవాలి కదా. ఎంచుకునేవాళ్లు చూసేవాళ్లు ఆగిపోయే ముక్కనే ఎంచుకుంటారు. ఒకరు మాట్లాడుతుంటే పక్కన ఇంకొకరు ముఖం చిట్లించిన షాట్ వేస్తే చాలు, ఆ ఇద్దరికీ పడదనే అర్థం వచ్చేస్తుంది. ఆ ముఖం చిట్లించింది ఎండకా, మాటకా అన్నది చూసేవారికి తెలిసే దారి లేదు. పైన నేపథ్య సంగీతం మన తరఫున కోపాన్నో జాలినో ముందే నిర్ణయిస్తుంది.

వారాంతంలో వ్యాఖ్యాత వచ్చి "వీడియో చూద్దాం" అంటారు. వీడియో పడగానే వాదన ముగుస్తుంది. వీడియో ఉంటే సాక్ష్యం ఉన్నట్టే. దాని ముందు ఏం జరిగింది, వెనక ఏం జరిగింది అని ఇంటి లోపలివాళ్లే అడగరు, బయటివాళ్లు ఎందుకు అడుగుతారు? పద్నాలుగేళ్ల పిల్లలు ప్రతి వారం చూసేది ఇదే పద్ధతి. తర్వాత క్లాసు వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టిన స్క్రీన్‌షాట్‌ను అదే పద్ధతిలో చూస్తారు. ముందూ వెనకా లేని నాలుగు వరుసల చాట్, దాని మీద తీర్పు, సాయంత్రానికి ఒకరితో మాటలు బంద్.

మౌనం ఎప్పుడు తప్పయింది?

నామినేషన్ రోజు బాగా వినిపించే కారణాల్లో ఒకటి దొంగతనమో దౌర్జన్యమో కాదు. "నువ్వు సేఫ్ గేమ్ ఆడుతున్నావు." అంటే గొడవల్లో తలదూర్చడం లేదు, ఎవరితోనూ వైరం పెట్టుకోవడం లేదు, ఏ పక్షమూ తీసుకోవడం లేదు అని. బయటి లోకంలో ఇంత మంచి గుణాలున్న మనిషికి పెళ్లి సంబంధాలు వెతుక్కుంటూ వస్తాయి. ఆ ఇంట్లో మాత్రం అది నేరం.

ఎందుకంటే అక్కడ లెక్క వేరు. వందకు పైగా రోజుల పాటు రోజుకో గంట నింపే ఇలాంటి షో చానల్‌కు లాభం. ఆ గంట నిండాలంటే ఘర్షణ కావాలి. ప్రేక్షకుల లెక్కను బార్క్ అనే సంస్థ దేశమంతటా 50 వేలకు పైగా ఇళ్లలో పెట్టిన మీటర్లతో కడుతుంది. ఆ అంకెను బట్టే ప్రకటనల ధర. నెమ్మదస్తుడు ఆ అంకెను కదిలించలేడు. కాబట్టి షో నిబంధనలన్నీ నెమ్మదితనాన్ని శిక్షించేలాగే తయారవుతాయి. కారణం చెప్పి మరీ ఎదుటివాడి ముఖం మీద నామినేట్ చేయాలి. ఒక్కోసారి ముఖానికి రంగు పూసో, ఫొటో అతికించిన కుండ పగలగొట్టో చెప్పాలి. ఏమీ చెప్పకపోతే వెన్నెముక లేనట్టు.

ఈ నియమం ఎవరూ నేర్పకుండానే బడిలోకి దిగుతుంది. టీనేజ్‌లో మౌనంగా ఉండటానికి వంద కారణాలు. గొంతు మారుతుండటం, మొటిమలు, ఇంట్లో అప్పులు, ఇంగ్లీష్ మీడియం బెదురు, ఊరి నుంచి కొత్తగా హాస్టల్‌కు రావడం. పత్తికొండ పల్లె నుంచి కర్నూలు కార్పొరేట్ కాలేజీలో చేరినవాడు మొదటి ఆరు నెలలు పెద్దగా మాట్లాడకపోతే అది మామూలు సంగతి. ఇప్పుడు ఆ మౌనానికి కొత్త పేరు దొరికింది: వాడు సేఫ్ ప్లేయర్, మనసులో ఏదో పెట్టుకున్నాడు. ఆడపిల్లల్లో దీని రూపం వేరు. గట్టిగా మాట్లాడితే "ఓవర్ యాక్షన్", ఏడిస్తే "సింపతీ కార్డు". ఏడుపును కూడా ఎత్తుగడగా చదవడం ఈ షోల నుంచి వచ్చిన అన్నింటిలోకీ హానికరమైన చదువు అనిపిస్తుంది. నిజంగా సాయం కావాల్సిన పిల్ల ఏడ్చినప్పుడు కూడా తోటివాళ్లు దాన్ని నటన అనుకునే ప్రమాదం ఉంది.

టీనేజ్ మెదడు సంగతి ఇక్కడ కొంచెం చెప్పాలి. మెప్పుకు, వెలికి స్పందించే భాగాలు ఈ వయసులో చురుగ్గా ఉంటాయి. ఆగి ఆలోచించే ముందుభాగం పూర్తిగా ఎదగడానికి ఇరవై ఐదేళ్ల దాకా పడుతుంది. తోటివారు తనను బయటికి పంపేస్తారేమో అన్న భయం పెద్దవాళ్లకు ఆట. పదిహేనేళ్లవాడికి అది ప్రతి రోజూ బడిలో ఎదురయ్యే అసలు భయం. ఎలిమినేషన్ ఎపిసోడ్ వాళ్లను కట్టిపడేయడంలో వింత లేదు.

ఓటు ఆటకా, ట్యాగ్‌కా?

2006లో హిందీ పాటల పోటీ ఇండియన్ ఐడల్ రెండో సీజన్‌లో తెలుగు గాయకుడు కారుణ్య ఫైనల్‌కు వెళ్లినప్పుడు తెలుగునాట ఎస్సెమ్మెస్‌లు కుమ్మరించారు. ఆయన రెండో స్థానంలో ఆగాడు. తెలుగు కుర్రాళ్లు ఒక టీవీ పోటీని ఊరి గెలుపుగా భుజాన వేసుకోవడం అప్పటి నుంచీ ఉంది. అయితే అప్పుడు ఒక్కో ఎస్సెమ్మెస్‌కు డబ్బు కట్టాలి, కాబట్టి రీఛార్జ్ కార్డే హద్దు. ఇప్పుడు యాప్‌లో ఓటు, మిస్డ్ కాల్ ఓటు. ఖర్చు లేదు. అమ్మ నంబరు, అవ్వ నంబరు కూడా పనికొస్తాయి.

2023 ఏడో సీజన్ ఫైనల్ ఈ జిల్లాలకు దగ్గరి ఉదాహరణ. సిద్దిపేట జిల్లాకు చెందిన పల్లవి ప్రశాంత్ గెలిచాడు, అనంతపురానికి చెందిన అమర్‌దీప్ చౌదరి రెండో స్థానంలో నిలిచాడు. ఒకరికి "రైతుబిడ్డ" అనే ట్యాగ్, ఇంకొకరికి "సీరియల్ హీరో" అనే ట్యాగ్. సీజన్ పొడవునా వాదనలు ఆ రెండు ట్యాగుల మధ్యే నడిచాయి. డిసెంబర్ 17 రాత్రి హైదరాబాద్ అన్నపూర్ణ స్టూడియో బయట అభిమానుల గుంపులు అమర్‌దీప్ కారు మీద దాడి చేశాయి, ఆర్టీసీ బస్సుల అద్దాలు పగలగొట్టాయి. ఆ గొడవకు సంబంధించిన కేసులో విజేతను పోలీసులు అరెస్టు చేశారు, తర్వాత బెయిల్ మీద వదిలారు. పదిహేను వారాల పాటు "మనోడు, పగోడు" అని విడదీసి చూపించిన కథ చివరికి రోడ్డు మీదికి వచ్చింది. మన సీమకు ఆ రెండు మాటలూ కొత్తవి కావు, దాని ఫలితాలూ కొత్తవి కావు.

ఓట్ల పూర్తి లెక్కలు చానల్ బయటపెట్టదు. ఆ ఖాళీని "అన్‌అఫీషియల్ పోల్స్" పేరుతో వెబ్‌సైట్లు, యూట్యూబ్ చానళ్లు నింపుతాయి. అక్కడి శాతాలను పిల్లలు పరీక్ష ఫలితాల్లా నమ్ముతారు. తమ అభ్యర్థి వెనకబడితే మోసం జరిగిందన్న నిర్ణయానికి రావడం తేలిక. ఓటు అనే మాట పద్దెనిమిది నిండకముందే ఈ రూపంలో పరిచయమవుతోంది. మళ్లీ మళ్లీ వేయొచ్చు, ఇతరుల ఫోన్‌తో వేయొచ్చు, లెక్క మాత్రం ఎవరూ చూపరు.

టీవీ లేని హాస్టల్‌కు కూడా

టీవీ కట్టేస్తే సరిపోతుందన్న సలహా ఇక్కడే తేలిపోతుంది. రెసిడెన్షియల్ కాలేజీల్లో టీవీ ఉండదు, ఫోన్ ఉండనివ్వరు. ఔటింగ్ ఇచ్చిన ఆదివారం ఫోన్ చేతికొస్తే చాలు, వారం మొత్తం ముక్కలుగా కళ్ల ముందుకు వస్తుంది. పూర్తి ఎపిసోడ్ చూసినవాడికి కనీసం 50 నిమిషాలు తెలుసు. రీల్ చూసినవాడికి తెలిసింది 30 సెకన్లు, అదీ ఏదో ఒక పక్షం అభిమాని ఎడిట్ చేసింది. ఎడిట్ మీద ఎడిట్. టీనేజ్ ప్రేక్షకుల్లో షో చూసేవారి కంటే షో గురించిన వీడియోలు చూసేవారే ఎక్కువ ప్రభావానికి లోనవుతారని అనుకోవడానికి ఇదే ఆధారం.

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో పరిస్థితి ఇంకోలా ఉంటుంది. కోసిగి, పెద్దకడుబూరు, మంత్రాలయం వైపు పల్లెల నుంచి ఏటా ఖరీఫ్ పనులు ముగిశాక కుటుంబాలు సుగ్గికి, అంటే కూలి పనుల కోసం వలస, పోతాయి. గుంటూరు వైపు మిరప కోతలకు వెళ్లేవారు చాలామంది. పిల్లలు అవ్వాతాతల దగ్గర ఉంటారు. వాళ్లతో మాట్లాడటానికి అమ్మానాన్న ఇంట్లో వదిలి వెళ్లిన ఫోనే రాత్రిళ్లు టీవీ అవుతుంది. పక్కన కూర్చుని "అట్లా అనొచ్చునా?" అని అడిగే పెద్దలు ఆ సమయంలో మూడు వందల కిలోమీటర్ల అవతల ఉంటారు.

హిందూపురం, మడకశిర వైపు కన్నడ బిగ్ బాస్ కూడా ఇళ్లలో నడుస్తుంది. 2013 నుంచి సుదీప్ నడిపిస్తున్న షో అది. రెండు భాషల్లో ఒకే ఇల్లు, ఒకే గొడవలు చూసిన పిల్లలకు ఇది ఒక అచ్చు అని తొందరగా అర్థమయ్యే అవకాశం ఉంది. రెండో భాష ఇచ్చే చిన్న లాభం అది.

పరిశోధనలు తేల్చింది ఎంత?

పెద్దలు భయపడినంతా రుజువు కాలేదు. అమెరికాలో గర్ల్ స్కౌట్స్ పరిశోధన విభాగం 2011లో 11 నుంచి 17 ఏళ్ల అమ్మాయిలను వెయ్యిమందికి పైగా సర్వే చేసింది. రియాలిటీ షోలు తరచూ చూసేవారిలో 78 శాతం మంది, అమ్మాయిల స్నేహాల్లో చాడీలు మామూలే అన్నారు. చూడనివారిలో అలా అన్నది 54 శాతం. మంచిగా ఉండటం కంటే కటువుగా ఉంటేనే గౌరవం దక్కుతుందని చూసేవారిలో 37 శాతం, చూడనివారిలో 24 శాతం నమ్మారు. అయితే అదే సర్వేలో చూసేవారికి తమ నాయకత్వం మీద నమ్మకం ఎక్కువగా కనిపించింది. పైగా సర్వే ఒక చిక్కు విప్పలేదు: షోలు చూసి అలా అయ్యారా, అలాంటివాళ్లే ఆ షోలు చూస్తున్నారా?

ఆ చిక్కును దాటిన అధ్యయనం ఒకటుంది, దాని ఫలితం ఎదురుగా వచ్చింది. చిన్న వయసులో తల్లులైన అమ్మాయిల కష్టాలు చూపిన ఎంటీవీ షో '16 అండ్ ప్రెగ్నెంట్' వచ్చాక ఏడాదిన్నరలో అమెరికాలో టీనేజ్ ప్రసవాలు 4.3 శాతం తగ్గాయని కీర్నీ, లెవిన్ అనే ఆర్థికవేత్తలు 2015లో ప్రచురించారు. వాళ్లు వాడిన పద్ధతిని తర్వాత మరికొందరు ఆర్థికవేత్తలు తప్పుపట్టారు. మన దేశం విషయానికొస్తే, తమిళనాడుతో సహా ఐదు రాష్ట్రాల సమాచారంతో జెన్సెన్, ఆస్టర్ 2009లో ప్రచురించిన పత్రం ప్రసిద్ధం. కేబుల్ టీవీ వచ్చిన పల్లెల్లో భార్యను కొట్టడం సరేననే ఆడవాళ్లు తగ్గారని, మగపిల్లాడే కావాలన్న పట్టు తగ్గిందని అది చెప్పింది.

వీటిని కలిపి చదివితే ఒక సంగతి తెలుస్తుంది. తెర మనుషులను మారుస్తుంది, కానీ చెడ్డవైపే మార్చాలని లేదు. ఫలితం చూపించి కథ చెబితే ఒకలా, ఫలితం దాచి గొడవ మాత్రమే చూపితే ఇంకోలా పనిచేస్తుంది. 'పాడుతా తీయగా'లో బాలసుబ్రహ్మణ్యం ఒక పిల్లకు శ్రుతి ఎక్కడ తప్పిందో పాడి చూపించేవారు. ఓడిన పిల్లకు కూడా ఏం దిద్దుకోవాలో తెలిసేది. ఎలిమినేట్ అయిన కంటెస్టెంట్‌కు దిద్దుకోవడానికి ఏముంది? తన స్వభావమా?

ఆశ సంగతి కూడా ఉంది. నంద్యాలలోనో ప్రొద్దుటూరులోనో రీల్స్ చేసుకునే కుర్రాడికి, సినిమా వాళ్ల పిల్లలకు తప్ప తెరుచుకోని తలుపు ఇక్కడ కొంచెం తెరుచుకున్నట్టు కనిపిస్తుంది. 2025లో తొమ్మిదో సీజన్‌కు సామాన్యులను ఎంచుకోవడానికి 'అగ్నిపరీక్ష' అని ప్రత్యేక షోనే నడిపారు. ఆరో సీజన్‌లో గీతూ రాయల్ చిత్తూరు యాసతోనే ఆడింది. ఫ్యాక్షన్ సినిమాలో విలన్‌కో, కామెడీ స్కిట్‌లో అమాయకుడికో తప్ప తెర మీద చోటు దొరకని సీమ మాటకు అది చిన్న సంగతేమీ కాదు. కాకపోతే సీజన్‌కు ఇంటిలోకి వెళ్లేది ఇరవై మంది చిల్లర. మిగిలిన వేలమంది ఇంటర్ తర్వాత ఏడాది రీల్స్‌కే పెట్టేస్తే ఆ ఖర్చు ఏ టీవీలోనూ కనిపించదు.

చట్టం తెర లోపలి పిల్లలకే

2017 నాటి బాలకార్మిక నిబంధనల ప్రకారం 14 ఏళ్లలోపు బాల కళాకారులతో రోజుకు ఐదు గంటలకు మించి, విరామం లేకుండా మూడు గంటలకు మించి పని చేయించకూడదు. సంపాదనలో కనీసం 20 శాతం వాళ్ల పేరిట డిపాజిట్ చేయాలి. డాన్స్ షోల్లో పిల్లలను అసభ్యంగా చూపొద్దని 2019లో కేంద్ర సమాచార, ప్రసార శాఖ చానళ్లకు సూచన పంపింది. తెర బయట కూర్చున్న పిల్లలకు ఉన్నది చాలా తక్కువ. 1995 కేబుల్ టీవీ చట్టం కింద కార్యక్రమ నియమావళి ఉంది, ఫిర్యాదుకు 2021లో మూడంచెల ఏర్పాటు చేశారు. ఓటీటీలకు అదే ఏడాది 7, 13, 16 ఏళ్ల వయసు గుర్తులు తప్పనిసరి చేశారు. 2022లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో బిగ్ బాస్ మీద వ్యాజ్యం నడిచినప్పుడు కూడా చర్చ అశ్లీలత చుట్టూనే సాగింది.

ఈ ఏర్పాట్లన్నీ మొత్తం ఎపిసోడ్‌ను ఊహించుకుని చేసినవి. వయసు గుర్తు ఎపిసోడ్ మొదట్లో ఉంటుంది. దాన్నుంచి కోసిన 30 సెకన్ల రీల్ మీద ఉండదు. టీవీలో ముఖం మసకబార్చిన దృశ్యం, బీప్ వేసిన మాట అభిమాని పేజీలో ఊహాగానాలతో సహా తిరిగి వస్తాయి. బ్రిటన్‌లో 2021 నుంచి ప్రసారాల నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ నియమాలు షోల్లో పాల్గొనేవారి మానసిక క్షేమాన్ని కూడా చానళ్ల బాధ్యతగా పెట్టాయి. అక్కడా చూసే పిల్లల దగ్గరికి వచ్చేసరికి రాత్రి తొమ్మిది తర్వాత అన్న పాత వేళే పెద్ద ఆధారం. ఫోన్‌కు ఆ వేళ లేదు.

ఇళ్లలో జరిగేదానికి వస్తే, చూడొద్దనడం కంటే పక్కన కూర్చుని మాట్లాడటం బాగా పనిచేస్తుందని మీడియా పరిశోధకులు చాలాకాలంగా చెబుతున్నారు. ఒకే టీవీ ఉన్న ఇళ్లలో అన్నాలయ్యాక అమ్మ, అవ్వ, కూతురు కలిసి బిగ్ బాస్ చూడటం ఈ జిల్లాల్లో మామూలే. "ఆ పిల్ల అంతకుముందు ఏమనిందో చూపించలేదు కదా" అని అవ్వ అన్న ఒక్క మాట, షో రెండు గంటల వారాంతపు ఎపిసోడ్‌లో కూడా అడగని ప్రశ్న. హాస్టల్‌లో, సుగ్గికి పోయినవారి ఇళ్లలో ఆ మాట అనేవాళ్లు ఉండరు. అక్కడ అది అనగలిగింది పొద్దున క్లాసుకు వచ్చే తెలుగు మాస్టారో, వార్డెనో. సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా సిలబస్ ఒత్తిడి వాళ్లకూ తక్కువేమీ కాదు.